కాంటా మీద మూడేళ్ళు

నాకు జబ్బు నయమైందని డాక్టరమ్మ చెప్పినప్పుడు మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. కాంటా చెప్పాక నమ్మారు.

కాంటా అంటే సంగారెడ్డి గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్లో, మా నాయిన, చిన్నాయన కలిసి కమీషన్ మీద నడిపే అడ్తి దుకాణం ముందుండే ఇనుప కాంటా. రైతులు తెచ్చిన కందులు, పెసలు, మక్కలు అనే మొక్కజొన్నలు బస్తాలకెత్తి దాని మీద తూస్తారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, పటాన్‌చెరులో మందుల పొడి తయారుచేసే ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. అక్కడ నేను చేసేదీ తూచడమే. గాజు తలుపుల పెట్టెలో, ఊపిరి తగిలితే ముల్లు కదిలే తక్కెడ మీద చిటికెడు పొడి తూచేవాణ్ణి. తాతల నాటి విద్యను నేను చిటికెడుకు దించానని చిన్నాయన అభిప్రాయం.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణాలు రెండు. జబ్బు పడ్డవాళ్ళు చెప్పే కథలు చాలామటుకు జబ్బు తగ్గడంతో ఆగిపోతాయి. తగ్గిన తర్వాత ఏమవుతుందో నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. రెండోది, ఈ మధ్య మా అమ్మ ఈ కథను చుట్టాలకు తనే చెబుతోంది. చెప్పిన ప్రతిసారీ అందులో నేను ఇంకొంచెం ఎక్కువ ఏడుస్తున్నాను. అసలు జరిగినంత మటుకు ఎక్కడో ఒకచోట ఉండటం మంచిది.

చలికాలం

తొంభైల మధ్యలో ఒక చలికాలం. నాకు ఇరవై మూడేళ్ళు. గడ్డం గీసుకుంటుంటే మెడకు ఎడమవైపు గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. తర్వాత సంగతి వివరంగా రాయను. ముందు సూదిమందులు, ఆపైన మెడకూ ఛాతీకీ కరెంటు. రేడియేషన్‌ను నాకు వైద్యం చేసిన నగరంలోని పెద్దాస్పత్రిలో ఆయా నుంచి రోగి దాకా అందరూ కరెంటు పెట్టడమే అంటారు. వాంతులు, నోట్లో పుళ్ళు, ఫ్యాక్టరీ దగ్గర ఇస్నాపూర్‌లో నేనుండే గది నుంచి నగరానికి బస్సులో కళ్ళు మూసుకుని ప్రయాణం. జుట్టు పోయింది. మళ్ళీ వచ్చింది. పోయినదానికంటే మంచిదే వచ్చింది.

ఆ ఆస్పత్రిలో నా వయసువాళ్ళకంటూ ఒక చోటు లేదు. పిల్లల వార్డు గోడల మీద ఏనుగులు, బెలూన్లు. పెద్దల వార్డులో బీడీలు మానేసిన తాతలు. నాయినా నేనూ కలిసి గదిలోకి పోతే నర్సు నన్ను దాటిపోయి ఆయన చెయ్యి పట్టుకునేది.

"కూర్చోండి పెద్దాయనా. ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"నేను గాదమ్మా. ఈ పోరడు."

ఒకసారి ఆయన ఆ మాట అనేలోపే బీపీ చూసేశారు. చాలా ఎక్కువ ఉంది. దాని కారణం పక్కనే నిలబడి ఉంది.

ఆఖరి రోజు డాక్టరమ్మ నా కాగితాలన్నీ ఒకచోట కుట్టి, "నయమైంది. ఇక మూడు నెలలకోసారి వచ్చి చూపించుకో. తర్వాత ఆర్నెల్లకోసారి. గురువారాలు రా" అంది. నాయిన చేతులు జోడించాడు. బయటికొచ్చాక వరండాలో స్తంభానికి ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. చెప్పులో రాయి పడిందన్నాడు. నేను చెప్పు వంక చూడలేదు.

మా ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరూ పలకలేదు. అడిగినవాళ్ళందరికీ అమ్మ ఒకే మాట చెప్పేది: "శ్రీనుకు మెడకాడ గడ్డ లేసింది, తీసేసిన్రు." అందులో అబద్ధం లేదు. నిజమూ అంతగా లేదు.

దసరా నుంచి

ఫ్యాక్టరీలో మళ్ళీ చేరేటప్పటికి నా ప్యాంట్లు బెల్టు మీద నమ్మకంతో నిలబడుతున్నాయి. అమ్మ నన్ను బాగుచేసే పని చేతిలోకి తీసుకుంది. ఆమె అన్నంలో నెయ్యి వెయ్యలేదు, నెయ్యిలో అన్నం వేసింది. నువ్వుల ఉండలు, బాదం పాలు, మీగడ పెరుగు. నేను ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉండేవాణ్ణి. వారానికోసారి ఇంటికి వెళ్తే ఆ వారం మొత్తం తినాల్సింది ఆ ఒక్కరోజే తినిపించి పంపేది.

తిన్నాక కాంటా.

మొదటిసారి చిన్నాయన తమాషాకే ఎక్కమన్నాడు. రెండోసారి నుంచి అది తమాషా కాదు. హమాలీలు తూచుతున్న బస్తా దించి నాకు చోటిచ్చేవారు.

"నిలవడు. ఊగకు."

"ఊగుతలేను చిన్నాయనా."

"బస్తా ఊగుతదారా? గట్ల నిలవడు. చెప్పులిడువు. బార్దానా తూకం నేను లెక్కల వట్ట."

బార్దానా అంటే ఖాళీ గోనెసంచి. నా విషయంలో చెప్పులు. సరుకు అమ్మడానికి వచ్చిన రైతులు చుట్టూ మూగేవారు.

"ఎవల పోరడు సేటూ?"

"మా అన్న కొడుకు. పోయినసారికన్న ఎక్కిండు, సూడుండ్రి."

"ఎక్కిండు ఎక్కిండు. చెంపలొచ్చినయ్."

అందరూ తలూపేవారు. ధర మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో ఆస్పత్రికి వెళ్ళడంకన్నా వెళ్ళొచ్చాక సాయంత్రం కష్టంగా ఉండేది. బుధవారం రాత్రే ఇంటికి చేరి, గురువారం పొద్దున్నే నేను నగరం బస్సెక్కడం సంగారెడ్డి బస్టాండులో ఎవరో ఒకరు చూసేవారు. దీపాలు పెట్టే వేళకు ఇంటి ముందు చెప్పులు పేరుకునేవి. రోగిని చూడ్డానికి పోతే బ్రెడ్డు ప్యాకెట్టు, బత్తాయిలు తీసుకుపోవడం మా దగ్గర ఆనవాయితీ. వచ్చినవాళ్ళు బ్రెడ్డు పక్కన పెట్టి, నా ముఖం చూస్తూ కూర్చునేవారు.

సదాశివపేట నుంచి మా మేనత్త వచ్చి నా తల నిమిరేది. "మల్ల లేసిందట గదా బిడ్డా?"

"లేదత్తా. చూపెట్టుకుందామని పోయిన, అంతే."

"మాతోటి దాస్తున్నవు. మంచిగున్నోడు ఎవడన్న దవాఖాన మెట్లెక్కుతడా?" అని కళ్ళొత్తుకునేది. నాకు ఏమీ లేదని నేను ఎంత గట్టిగా చెబితే ఆమె అంత గట్టిగా ఏడ్చేది. వారం రోజులు ఇంటిల్లిపాదీ పాలలో బ్రెడ్డు ముంచుకు తినేవాళ్ళం.

రెండో ఏడు ఇంకో చిక్కు వచ్చింది. మా పారిశ్రామికవాడలో వారపు సెలవంటే ఆదివారమని ఏమీ లేదు. ఏ వాడకు ఏ రోజు కరెంటు తీస్తే ఆ వాడకు ఆ రోజే సెలవు. అప్పటిదాకా మాకు గురువారం ఉండేది. దాన్ని సోమవారానికి మార్చారు. ఇక ఆస్పత్రికి పోవాలంటే సెలవు పెట్టాలి, సెలవు పెడితే కారణం చెప్పాలి. ఇంట్లో ఈ సంగతి అంటే చిన్నాయన ఒక్కమాటలో తేల్చాడు.

"కాంటా చెప్తనే ఉన్నది గద, ఎక్కుతున్నవని. దానికన్న ఎక్కువ ఆ డాక్టరమ్మ ఏం చెప్తది?"

అమ్మ ముఖం ఎంత తేటపడిందంటే, ఎదురు చెప్పాలన్న ఆలోచన నాలో పుట్టే ముందే సద్దుమణిగింది. నేనూ సైన్సు చదివినవాణ్ణే. అంకెలు పెరుగుతున్నాయి. ఒప్పుకున్నాను.

మూడో ఏడు ఎండాకాలం

ఆ ఏడు నాకు ఎంతో ప్రశాంతంగా అనిపించింది. దేనికీ తొందర లేదు. ల్యాబులో తూచిన పొడినే మళ్ళీ తూచేవాణ్ణి. మధ్యాహ్నం భోజనం తర్వాత కళ్ళు మూతలు పడేవి. సాయంత్రం గదికి వచ్చి పడుకుంటే పొద్దున్నే లేచి, ఇంకా నిద్ర చాలలేదనుకునేవాణ్ణి. పెద్ద కష్టం దాటినవాడికి మనసు నెమ్మదిస్తుందని ఎక్కడో విన్నాను. ఇదే కాబోలనుకున్నాను.

నాతో గదిలో ఉండే ఖలీల్‌కు అలా అనిపించలేదు. జహీరాబాద్ మనిషి, పక్క ఫ్యాక్టరీలో బాయిలర్ మీద పని. పెన్సిల్ లాగా ఉంటాడు. మా గదికి పైన సిమెంటు రేకులు. మే నెలలో అతను బాయిలర్ దగ్గరికి పోయి చల్లబడి వచ్చానని చెప్పుకునేవాడు. అట్లాంటి గదిలో ఒక సాయంత్రం నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అరే భాయ్. ఏందది?"

"స్వెటర్."

"స్వెటర్ అని నాకు గూడ ఎర్కే. ఎందుకేసినవ్?"

"చలి పెడుతోంది."

"నాకు మాడు పగుల్తాంది, నీకు సలి వెడ్తాందా?" దగ్గరికొచ్చి నా ముఖం పరీక్షగా చూశాడు. "నీ గొంతు గూడ మారింది. కుండలకెళ్ళి మాట్లాడినట్టుంది. పరేషాన్ చెయ్యకు భాయ్, ఎక్కడన్న చూపెట్టుకో."

అతను పడుకున్నాక అద్దం తీసి చూసుకున్నాను. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. మెడ నిండుగా ఉంది. గంజ్‌లో అందరూ మెచ్చుకుంటున్న మెడ అది. ఎడమవైపు వేళ్ళు పెట్టి నొక్కాను. గడ్డ ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. ప్రశాంతత ఆ సాయంత్రంతో అయిపోయింది. అప్పటి నుంచి నాకున్నది ఒకటే ప్రశ్న: మళ్ళీ వచ్చిందా?

ఆ ప్రశ్న పెద్దాస్పత్రిలో అడగడానికి ధైర్యం చాలక దగ్గర్లో అడిగి చూశాను. ఇస్నాపూర్‌లో బాటపక్క డాక్టరు దగ్గర జబ్బు సంగతి ఎత్తలేదు, ఒట్టి నీరసం అన్నాను. గ్లూకోజు ఎక్కించాడు, సూది వేశాడు, టానిక్ రాశాడు. నీరసం తగ్గలేదు. పటాన్‌చెరులో ఇంకో డాక్టరు దగ్గర మొదటి నుంచి చివరిదాకా అంతా చెప్పాను. నేను చెబుతున్నకొద్దీ ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. "ఇవి మేం ముట్టుకునేవి కావు. సిటీకే పో" అన్నాడు. కనీసం నాలుక చూపించమని కూడా అనలేదు. ఏమీ చెప్పించుకోనివాడు అన్నీ ఇచ్చాడు. అన్నీ చెప్పించుకున్నవాడు ఏమీ ఇవ్వలేదు.

ఖలీల్ అడిగాడు. "డర్ అయితాందా?"

"అయితాంది."

"డర్ ఉంటే జల్దీ పోవాలె గద?"

"డర్ ఉంటేనే పోబుద్ధి కాదు."

గోడ మీద కేలండర్ చూశాడు. "సరే. నా డ్యూటీ ఈ వారం రెండో షిఫ్టు. గురువారం పొద్దుగాల పోదాం. నువ్వు భయపడు, బస్సు నేను పట్టుకుంట."

వానలు మొదలయ్యాక

వరండాలో బెంచీలు మారలేదు. గోడ మీద ఏనుగులకు మళ్ళీ రంగు వేశారు. ల్యాబులో జ్వరమని సెలవు పెట్టాను. ఇంటికి చెప్పకుండా రావడం అదే మొదటిసారి. పేరు పిలిచారు, ఇద్దరం లేచాం. నర్సు నన్ను దాటిపోయి ఖలీల్ చెయ్యి పట్టుకుంది.

"ఇంత చిక్కిపోయారేంటి? రండి, ఇక్కడ కూర్చోండి."

"మై నహీ అమ్మా," ఖలీల్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఈన. ఈ పహిల్వాన్."

డాక్టరమ్మ నన్ను చూసి, కాగితాల్లో ఆఖరి తేదీ చూసి, మళ్ళీ నన్ను చూసింది. "ఎటు పోయావయ్యా ఇన్నాళ్ళూ?"

"బరువు పెరుగుతున్నాను కదా మేడం, బాగున్నాననుకున్నాం."

"ఎవరన్నారు బాగున్నావని?"

కాంటా అని చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె మెడ చాలాసేపు తడిమింది. ఆ కొద్దిసేపు నేను గోడ మీద బల్లిని చూశాను. దానికీ నాకూ కదలిక లేదు. తర్వాత స్టూలు మీద మోకాళ్ళేయించి, మడమ మీద చిన్న సుత్తితో కొట్టింది. పాదం అటు కదిలింది. తిరిగి రావడానికి మాత్రం కాస్త ఆలోచించుకుంది. "ఊఁ" అంది ఆమె. "గడ్డలేమీ తగలడం లేదు. కానీ రక్తం ఇచ్చి వెళ్ళు. వచ్చే గురువారం చెబుతాను."

ఆ మధ్యలో సోమవారం వచ్చింది. ఇంటికి వెళ్ళాను, నెయ్యి తిన్నాను, కాంటా ఎక్కాను. చిన్నాయన గుండు జరిపి, వంగి చూసి, దుకాణం అదిరేట్టు అరిచాడు. "అన్నా! ఇగ వీడు మన బస్తాలకు పోటీ వస్తడు!" ఎదురు హోటల్ నుంచి హమాలీలందరికీ చాయ్ తెప్పించాడు. నాయిన గద్దె మీద నుంచి నన్ను చూసి నవ్వాడు. ఆ జబ్బు మొదలైనప్పటి నుంచి ఆయన పళ్ళు కనిపించేలా నవ్వడం నేను చూడలేదు. వచ్చే గురువారం ఆ నవ్వును నేను ఏం చేయబోతున్నానో తెలియక, చాయ్ తాగాను.

గురువారం డాక్టరమ్మ ముందుగా చెప్పాల్సింది ముందుగానే చెప్పింది. "పాత జబ్బు లేదు."

ఆ తర్వాత చెప్పింది రెండోసారి చెప్పించుకోవాల్సి వచ్చింది. మెడకు కరెంటు పెట్టారు కదా, అక్కడే గొంతుకు ముందువైపు థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది. కరెంటు దానికీ తగిలింది. అది మెల్లమెల్లగా నిద్రపోయింది. అది నిద్రపోతే మనిషీ నిద్రపోతాడు, చలి పెడుతుంది, ఉబ్బుతాడు. చూపించుకోవడానికి రమ్మన్నది ఇట్లాంటివి కనిపెట్టడానికే.

"రోజూ ఒక మాత్ర. పొద్దున్నే పరగడుపున. జీవితాంతం వేసుకోవాలి."

జీవితాంతం అన్న మాట విని అంత సంతోషించినవాళ్ళు తక్కువమంది ఉంటారు. నాకు జీవితం ఉంది, దాని అంతం ఎక్కడో దూరంగా ఉంది, అప్పటిదాకా చిన్న మాత్ర. బయటికొచ్చి ఖలీల్‌కు చెబితే, "ఇంతేనా? దీనికి స్వెటర్ వేసుకున్నవా?" అని, ఎదురుగా ఉన్న బండి దగ్గర నాకు మిర్చీ బజ్జీలు కొనిచ్చాడు.

మాత్ర మొదలయ్యాక

కొన్ని వారాలకు నిద్ర వదిలింది. స్వెటర్ ట్రంకులోకి పోయింది. ల్యాబులో ఒక పొడిని ఒకేసారి తూచడం మళ్ళీ అలవాటైంది. ముఖం దిగింది, మెడ దిగింది.

కాంటా కూడా దిగింది.

మొదటి సోమవారం చిన్నాయన కాంటాను అనుమానించాడు. పలక కింద మట్టి ఊడ్పించాడు. రెండో సోమవారం నన్ను అనుమానించాడు. మూడో సోమవారం గుండు అటూ ఇటూ జరిపి, "దిగు" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాడు. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు ఉంది. సొంత అన్న ఇంటికి, పక్క వీధి నుంచి, చిన్నాయన బ్రెడ్డు పట్టుకొచ్చాడంటే నా పని అయిపోయిందన్నమాటే.

నేను మాత్ర గురించి, గ్రంథి గురించి మొత్తం చెప్పాను. వాళ్ళు విన్నదంతా ఒకటే: గోలీ వేసుకున్నప్పటి నుంచి తూకం తగ్గుతోంది.

"ఆ గోలీయే నిన్ను పీలుస్తాంది బిడ్డా," అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బందువెట్టు. ఎంత కష్టపడి పెంచిన ఈ ఒళ్ళు."

"అది వేసుకోకుంటే మళ్ళ అట్లనే అయితనే అమ్మా."

"అట్లనే మంచిగుంటివి గద!"

మర్నాడు పొద్దున్నే మాత్రల సీసా కనిపించలేదు. వంటింట్లో ఎక్కడుందో నాకు తెలియదు, అమ్మ చెప్పలేదు. కొత్త సీసా కొనుక్కోవచ్చు. కానీ జీవితాంతం వేసుకోవాల్సిన మాత్రను జీవితాంతం అమ్మకు తెలియకుండా వేసుకోవడం అయ్యే పని కాదు. వాళ్ళు నమ్మకపోతే ఏదో ఒక రోజు నేనూ మానేస్తానని నాకు తెలుసు. ఒకసారి ఆస్పత్రి మానేసిన ఇల్లే కదా అది.

"నేనొస్త దవాఖానకు," అన్నాడు చిన్నాయన. "ఆ డాక్టరమ్మతోటి నేనే మాట్లాడ్త."

గురువారం ముగ్గురం వెళ్ళాం. అమ్మ ఒళ్ళో సంచి పెట్టుకుని గోడ వైపు కూర్చుంది. చిన్నాయన డాక్టరమ్మ ముందు బేరానికి కూర్చున్నట్టే కూర్చున్నాడు.

"అమ్మా, మీరు పెద్ద సదువు సదివిన్రు. నాకొక్కటే సమజైతలేదు. పోరడు ఎక్కుతుండె. మీ గోలీ వడ్డది, దిగుతుండు. తూకం తగ్గితే సరుకు చెడ్డట్టే గదా?"

డాక్టరమ్మకు నవ్వొచ్చినట్టుంది, ఆపుకుంది. "ఆ పెరిగిందంతా కండ అనుకున్నారా మీరు? చాలామటుకు నీరండీ. ఒంటికి నీరు పట్టింది. ఇప్పుడది దిగుతోంది."

చిన్నాయన బల్ల మీదికి వంగాడు.

"నీరా?"

"నీరే."

ఇక్కడ మా చిన్నాయన గురించి ఒక మాట చెప్పాలి. వానల్లో తడిసిన మక్కలు బరువు తూగుతాయి. వాటిని పొడి సరుకు ధరకు అంటగట్టాలని చూడని రైతు, మోసపోతానేమోనని భయపడని సేటు గంజ్‌లో లేరు. చిన్నాయన మాత్రం బస్తాలో చెయ్యి పెట్టి ఒక్క గింజ తీసి, పంటి కింద కొరికి, ఆ చప్పుడుతో తేమ ఎంతుందో చెప్పేవాడు. పక్క దుకాణాలవాళ్ళు కూడా గింజ పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవారు.

ఆయన నా వైపు తిరిగాడు. "అంటే శ్రీనుగా... గిన్నొద్దులు నేను తూసింది తడి సరుకా?"

"అవును చిన్నాయనా."

తల మీద టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నా మీసం మొలవక ముందు సంది గంజ్‌ల కూసుంటున్న. ఒక్కడంటే ఒక్కడు నాకు తడి మక్కలు అంటగట్టలే. నా ఇంటి పోరడు అంటగట్టిండు."

డాక్టరమ్మకు సగమే అర్థమైంది. "మాత్ర ఆపకూడదు, మరి. ఆపితే..."

"ఎందుకాప్తమమ్మా!" చిన్నాయన దాదాపు లేచి నిలబడ్డాడు. "ఆరనీయుండ్రి. మంచిగ ఆరనీయుండ్రి."

గోడ వైపు కూర్చున్న అమ్మ ఇటు తిరిగింది. ఒళ్ళో సంచిలో చెయ్యి పెట్టి, మూట విప్పి, సీసా తీసి నా చేతిలో పెట్టింది. ఆస్పత్రిదాకా దాన్ని వెంట తెచ్చుకుంది. ఇవ్వడానికో పారేయడానికో నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు

నాలాంటివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే రెండు మాటలు. జబ్బు పోయినా దానికి చేసిన వైద్యం ఒంట్లో ఉంటుంది. కొన్నేళ్ళకు తలుపు కొడుతుంది. మెడకో ఛాతీకో కరెంటు పెట్టించుకుని ఉంటే, జలుబుకు వెళ్ళినా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. కుర్చీ వెనక్కి జరుపుకునేవాళ్ళు ఉంటారు. జరపనివాళ్ళు దొరికేదాకా తిరగండి, ఉన్నారు. ఇంట్లోవాళ్ళకు అర్థం కావాలంటే వాళ్ళ పనిలో మాట ఏదో వెతకండి. నాకు దొరికింది నా తెలివితో కాదు.

ఈ వానాకాలం చూపించుకోవడానికి వెళ్ళాను. ఖలీల్ ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్నాడు, చిన్నాయన వెంట వచ్చాడు. డాక్టరమ్మ మెడ నొక్కి, ఛాతీ ఎక్స్‌రే చూసి, రక్తం రిపోర్టు చూసి, ఇక ఏడాదికోసారి చాలంది. తిరుగు ప్రయాణంలో బస్సు పటాన్‌చెరు దాటేటప్పుడు మామూలుగా వచ్చే ఫ్యాక్టరీల వాసన వచ్చింది. అందరూ ముక్కులకు కొంగులు, రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. అది ఏ సరుకు వండేటప్పుడు వస్తుందో నేను చెప్పగలను. ఎవరూ అడగలేదు. చిన్నాయన ఆస్పత్రి వరండాలో కునుకు తీయడం వల్ల లోపల జరిగింది వినలేదు. ఇప్పుడు బస్సులో అడిగాడు.

"ఏమన్నది?"

"ఏం లేదన్నది."

"మొత్తానికే?"

"మొత్తానికే."

"ఏం లేదని చెప్పెతందుకు పొద్దుగాల్నుంచి కూసోవెట్టిందా?"

"ఊఁ."

 ఇస్నాపూర్ స్టేజీ వచ్చింది. ఫ్యాక్టరీ షిఫ్టు వదిలినట్టుంది, క్యారియర్లు పట్టుకున్నవాళ్ళు రోడ్డు దాటుతున్నారు. బస్సు కదిలింది.

"వచ్చే ఏడు తొలి బస్సుకే పోదాం," అన్నాడు చిన్నాయన. "ఆ మాట జెర ముందుగాల చెప్పించుకోవచ్చు."